అర్జెంటీనా తాత

తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల ఏడాది పొడవునా రోజూ వాన పడే చోటు ఒక్కటే ఉంది. సోగత్తూరు దాటాక మామిడితోటల మధ్య, సదాశివం తోటబంగళా వెనక ఉన్న అద్దాల గది అది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైకప్పులోని సన్నటి గొట్టాల నుంచి తుంపర రాలుతుంది. రబ్బరు ఆకుల మీద నిజం నీళ్ళు జారుతాయి. గోడకు అంటించిన బొమ్మలో దక్షిణ అమెరికా అడవి మంచు కప్పుకుని పచ్చగా ఉంటుంది. గోడకు అవతల రోడ్డు పక్కన ప్లాస్టిక్ బిందెలు వరసగా కూర్చుని నీళ్ళ లారీ కోసం ఎదురుచూస్తుంటాయి.

ఈ వానను కురిపించే ఉద్యోగం తంగవేల్‌ది.

తంగవేల్ పెరియంపట్టి మనిషి. అతని తాతలు బావులు తవ్వారు, నాన్న రాళ్ళు కొట్టాడు, అతను బెంగళూరులో ఊరివాళ్ళందరికీ ఇళ్ళు కట్టాడు. అలా కడుతూ ఒకనాడు రెండో అంతస్తు కర్రల మీది నుంచి జారి ఇసుక కుప్ప మీద పడ్డాడు. ఇసుక ఉండబట్టి బతికావన్నాడు మేస్త్రీ, ఆ ఇసుక తను అందుకోసమే పోయించినట్టు. తంగవేల్ బతికాడు కానీ నడుము అతని మాట వినడం మానేసింది. వంగితే లేవదు, లేస్తే వంగదు. సర్కారు ఇచ్చే నూరు రోజుల పనికి పోతే గడ్డపార ఎత్తలేకపోయాడు. టమోటా గంప తలకెత్తుకుంటే కళ్ళు తిరిగాయి. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఆ రెండేళ్ళూ భార్య మాదమ్మ టమోటా కోతకు పోయి ఇద్దరి కడుపులూ నింపింది. ఒక్కమాట అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

అలాంటి సమయంలో ఎవరో డ్రైవరు పుణ్యమా అని ఈ ఉద్యోగం దొరికింది. మోసేది లేదు, తవ్వేది లేదు. గుడ్లు ఉడకబెట్టాలి, పండ్లు ముక్కలు కోయాలి, దీపాలు వేయాలి, వాన స్విచ్ నొక్కాలి. తన నడుము చేయగల పని జిల్లా మొత్తంలో ఇదొక్కటేనని తంగవేల్‌కు బాగా తెలుసు. అందుకే ఆ గేటు లోపలికి అడుగు పెట్టినప్పుడల్లా, పోగొట్టుకోకూడని వస్తువును చేతిలో పట్టుకున్నవాడిలా నడిచేవాడు.

తంగవేల్ మొదలాళి అని చెప్పుకునే యజమాని సదాశివానికి గ్రానైటు వ్యాపారం. దుబాయ్‌లో ఒక ధనవంతుడి ఇంట్లో పెంపుడు పులిని చూసి వచ్చాక ఆయనకు మనశ్శాంతి కరువైంది. ఇక్కడ పులిని పెంచుకోనివ్వరు. విదేశీ సరీసృపాలకైతే కాగితాలు సరిగా ఉంటే అడ్డు లేదని తెలిసింది. అలా పెద్ద తొండల్లాంటి ఆకుపచ్చ ఇగువానాలు రెండు, ఎర్రటి పొలుసుల కాళ్ళున్న తాబేళ్ళు కొన్ని, వాన వెలిసిన ఆకాశంలా ఒళ్ళు మెరిసే ఒక బోవా పాము, అన్నింటికీ పెద్దగా ఒక టెగు ఆ గదిలోకి చేరాయి. పులి తీరని కోరికగా మిగిలిపోయింది కాబట్టి ఆ టెగుకు టైగర్ అని పేరు పెట్టాడు.

టెగు అంటే బల్లి జాతి. టైగర్ నాలుగడుగుల పొడవు, నలుపూ తెలుపూ చారలు, చీలిన నాలుక, ఉబ్బిన దవడలు. దూరం నుంచి చూస్తే అచ్చం ఉడుము. దగ్గర నుంచి చూస్తే పెళ్ళిభోజనం చేసిన ఉడుము.

తంగవేల్‌కు చిక్కు వచ్చింది అక్కడే. అతని ఇంటిపేరు ఉడుములోళ్ళు.

ఉడుములోళ్ళు ఉడుమును చంపరు, తినరు, పేరు పెట్టి పిలవరు. తాత అంటారు. ఎప్పుడో తెలుగుసీమ నుంచి పారిపోయి వస్తుంటే వెనక గుర్రాలు, ముందు నిట్టనిలువు బండ ఉన్నాయట. అప్పుడు ఒక ఉడుము తాడు కట్టించుకుని ఆ బండ ఎక్కి, ఆడవాళ్ళనూ పిల్లలనూ పైకి చేర్చిందట. ఆ బండ ఏదో ఎవరికీ తెలియదు. ఇంటిపేరుకు పెద్ద అయిన మునియప్పన్ మాత్రం తీర్థమలై గుడి కొండ అని ఖాయం చేశాడు, తీర్థమలైలో అతనికి కొబ్బరికాయల అంగడి ఉంది కాబట్టి. రోడ్డు మీద లారీ కింద పడి చచ్చిన ఉడుము కంటపడితే ఇంటికి వచ్చి తలస్నానం చేయాలి, పాత కుండ పగలగొట్టాలి. బెంగళూరు హైవే పడ్డాక ఉడుములోళ్ళు బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం తగ్గించారు.

అందుకని తంగవేల్ ఊళ్ళో తోటకు కాపలా ఉన్నానని మాత్రమే చెప్పుకున్నాడు. గుట్టు బయటపెట్టింది సదాశివం బావమరిది బాల. తంగవేల్ చేతిలోని ఉడకబెట్టిన గుడ్డును టైగర్ మెడ చాచి అందుకుని మింగడం ఫోన్లో తీసి, పాట జోడించి లోకానికి వదిలాడు. రెండు రోజుల్లో అది హోసూరు, కృష్ణగిరి తిరిగి పెరియంపట్టి చేరింది.

మూడో రోజు గేటు ముందు షేర్ ఆటో ఆగింది. మునియప్పన్ దిగాడు. అతని వెనక ఇంటిపేరువాళ్ళు నలుగురు, అందరికంటే వెనక, అందరికంటే ముసలిది చిన్నతాయి అవ్వ.

"ఏమిరా తంగవేలూ, తాతకు బీగం ఏసి పెట్టినావంట," అన్నాడు మునియప్పన్.

"తాత కాదు పెద్దనాయనా. అది టెగు. అర్జెంటీనాది."

"అర్జెంటీనా నాకు తెలీదా? నా మనవడు ఆ ఫుట్‌బాలు చొక్కా ఏసుకోనే తిరుగుతాడు. అక్కడ తాత ఉండకూడదని ఎవురు చెప్పినారు?"

"ఫారెస్టాయన వచ్చి చూసి పోయినాడు. ఉడుమైతే మీ మొదలాళిని లోపలేసి ఉందుము, ఇది మన దేశానిది కాదు అనేసినాడు."

"మన తాత ఎవురో మనకు చెప్పేదానికి ఫారెస్టోడు ఎవురు?"

చిన్నతాయి అవ్వ ఫోన్లో ఆ వీడియో పెట్టించుకుని ముక్కుకు ఆనించి చూసింది. "నాలుక చూడండ్రా. రెండుగా చీలుండాది. తాత నాలుకే."

"పాము నాలుకా అంతే కద అవ్వా," అన్నాడు తంగవేల్.

"పాము మన ఇంటిపేరు కాదు," అంది అవ్వ.

మునియప్పన్ గేటు పట్టుకుని నిలబడి, నిదానంగా, వాదం తెలిసినవాడిలా చెప్పాడు. "మనం ఎక్కడోళ్ళం? అక్కడ నించి వచ్చినాము. ఎన్ని తలలు పోయినాయో లెక్క లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మన బాసలో ఒగ అక్షరం చదివేదానికి రాదు నాకు. అంతమాత్రాన నేను ఉడుములోడు కాకుండా పోయినానా? ఆయప్పా అంతే. ఎక్కడికో పోయినాడు, నీళ్ళు మారినాయి, రంగు మారింది. ఇంటి మనిషిని రంగు చూసి కాదంటావా?"

దీనికి జవాబు అడిగినా ఫారెస్టాయన దగ్గరా ఉండేది కాదు.

వాళ్ళు వచ్చింది తాతను విడిపించడానికి. విడిపించేదాకా ఇక్కడ పని చేయకూడదని తంగవేల్‌కు చెప్పడానికి. లోపలికి రానివ్వక తప్పలేదు. అద్దాల గదిలో సాయంత్రం వాన పడుతోంది. టైగర్ ముందు పళ్ళెంలో మామిడి ముక్కలు, కోడి కాలేయం, పొట్టు తీసిన గుడ్లు ఉన్నాయి. వేడి కావాలంటే దీపం కింద బండ, చల్లదనం కావాలంటే తడిమట్టి. మునియప్పన్ తుంపర కింద చాలాసేపు నిలబడ్డాడు. ఆ వారం అతని వీధి కుళాయిలో నీళ్ళు రాలేదు. తలగుడ్డ తీసి మెడ తుడుచుకుని, మళ్ళీ తడవనిచ్చాడు.

"గుడ్లు దినామూ పెడతావా?" అని అడిగాడు.

"వారంలో కొన్ని దినాలు."

"నాటుకోడివా?"

"అవును పెద్దనాయనా. మొదలాళి చెప్పినాడు."

బయటికి వచ్చాక మునియప్పన్ తీర్పు మార్చాడు. ఇది జైలు కాదు, సేవ. ఇంతమందిలో ఆ సేవ తంగవేల్‌కు దక్కింది. ఆ ఏడు కులదైవం పొంగళ్ళలో మొదటి తాంబూలం మునియప్పన్ తీసుకోకుండా తంగవేల్‌కు ఇప్పించాడు. నడుము పోయిన రెండేళ్ళలో ఎవరూ పక్కన కూర్చోని మనిషికి ఇప్పుడు జనం జరిగి చోటిచ్చారు. తంగవేల్ ఆ తమలపాకులు నములుతూ, అది తాత కాదని ఇంకోసారి చెప్పాలనుకున్నాడు. ఆకులు నోట్లో ఉండటం వల్ల చెప్పలేకపోయాడు.

తర్వాత జనం రావడం మొదలైంది. కొత్త జంటలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, పరీక్ష రాయబోయే పిల్లల తల్లులు. ఒకామె అద్దానికి పసుపు రాసింది. ఒకాయన కర్పూరం వెలిగించాడు. గదిలో పొగ కనిపెట్టే యంత్రం ఉందని తంగవేల్‌కే తెలియదు. అది కూయగానే బెంగళూరులో సదాశివం ఫోనులో కెమెరా బొమ్మ తెరుచుకుంది. బొమ్మలో టైగర్ బండ మీద పడుకుని ఉంది. దాని ముందు ఆరేడుగురు సాష్టాంగపడి ఉన్నారు.

"అక్కడ గుడి కట్టేశావా?" అని అరవంలో అరిచాడు సదాశివం. "ఇంకోసారి బయటి మనిషి కనిపిస్తే, ఆ తర్వాత నువ్వు కనిపించకూడదు."

తంగవేల్ ఆ మాటను ఉన్నదున్నట్టు పెరియంపట్టికి మోసుకుపోయాడు. మునియప్పన్ విన్నాడు. "సరే, ఊరోళ్ళను ఆపుదాము. పెద్దోళ్ళం మేము నలుగురం..."

"ఎవురూ వద్దు పెద్దనాయనా. నా పని పోతాది."

"తాత కంటే పని ఎక్కువా నీకు?"

"తాతకు గుడ్డు పెట్టే పనే కద అది," అన్నాడు తంగవేల్.

మునియప్పన్‌కు ఆ మాట నచ్చలేదు. తర్వాతి సభలో తంగవేల్‌కు మూడో తాంబూలం ఇచ్చారు.

మార్గళి నెల, అంటే ధనుర్మాసపు చలి మొదలయ్యే ముందు నుంచే టైగర్ తిండి తగ్గించింది. గుడ్డు చూపిస్తే వాసన చూసి తల తిప్పుకునేది. ఒకరోజు గది మూలన మట్టి తోడుకుని లోపలికి దూరింది. తోక కూడా కనపడకుండా మట్టి పైకి లాక్కుంది. తంగవేల్ రెండు రోజులు చూసి, చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. రాయిలా చల్లగా తగిలింది.  టైగర్ లేకపోతే ఆ గది లేదు, గది లేకపోతే తను లేడు.

సదాశివం పెట్టిన జంతువుల డాక్టరు సత్య బెంగళూరులో ఉంటుంది. తంగవేల్ ఆమెకు ఫోన్ చేశాడు.

"నిద్రపోతోంది," అందామె. "వాటి దేశంలో చలికాలం అలాగే గడుపుతాయి. కొన్ని నెలలు తినదు, తాగదు, దాదాపు ఊపిరి కూడా తెలియదు. కదిలించకు, తవ్వకు."

"ఇక్కడ అంత చలి లేదు కద మేడం?"

"పగటి పొద్దు తగ్గినా చాలు దానికి. వాటి ఊళ్ళో ఈ నెలల్లో ఎండాకాలం. అయినా ఇక్కడి లెక్కకు మారిపోయింది చూడు."

వచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే ఈ దేశపు మనిషైపోయిందని తంగవేల్ అనుకున్నాడు. నమ్మకం కుదరలేదు కానీ, నమ్మడం తప్ప చేసేదేమీ లేదు కాబట్టి నమ్మాడు. ఇగువానాలకు ఆకులు పెడుతూ, తాబేళ్ళకు బొప్పాయి కోస్తూ, ఆ మట్టి కుప్పను పక్కచూపులు చూస్తూ రోజులు నెట్టాడు.

అంతలో మునియప్పన్ మనవడు మణికంఠన్ పెళ్ళి కుదిరింది. హోసూరు కంపెనీలో పని, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ముహూర్తం. కారిమంగలంలో మండపం కూడా దొరికింది. పెళ్ళికూతురి తల్లి కణ్ణగి గట్టి మనిషి. ఒకసారి ముహూర్తం వాయిదా పడినందుకే, మళ్ళీ పడితే వేరే సంబంధం చూసుకుంటామని నలుగురిలో చెప్పింది. ఉడుములోళ్ళ ఇళ్ళలో మొదటి శుభలేఖ తాతకు ఇవ్వాలి. ఇన్నాళ్ళూ ఏదో ఒక పుట్ట దగ్గర పెట్టి వచ్చేవాళ్ళు. ఈసారి సొంత తాత ఉండగా పుట్ట దగ్గరికి పోవడమేంటని మునియప్పన్ చిన్నతాయి అవ్వను వెంటబెట్టుకుని సోగత్తూరు వచ్చాడు.

"లోపలికి రాకూడదు పెద్దనాయనా. కెమెరా ఉండాది."

"మేము రాములే. పత్రిక నువ్వే ఆయన ముందర పెట్టు. మేము కిటికీ నించి చూస్తాము."

"పండుకోనుండాడు."

"లేపు."

"లేపకూడదంట. మట్టిలో ఉండాడు. నెల దాటింది."

చిన్నతాయి అవ్వ కిటికీ అద్దానికి అరచేతులు ఆనించి లోపలికి చూసింది. మూలన మట్టి కుప్ప, పైన ఎండిన రబ్బరు ఆకు. ఆమె వెనక్కి తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నెల దినాలు మట్టిలో ఉండేటోళ్ళను ఏమంటారురా?" అని అడిగింది.

మునియప్పన్ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తాత మన చేతి కూడు తిని, మన చేతి కింద పోతే, ఇంటిపేరుకంతా ఏడాది మైల," అంది అవ్వ. "పెండ్లి లేదు, పొంగళ్ళు లేదు. మైల పట్టినోడు ఒకరి గడప తొక్కి కూలికి పోయేది లేదు."

"ఇది ఎప్పుడు జరిగింది అవ్వా?" అని మునియప్పన్ అడిగాడు. 

"ఎప్పుడూ లేదు. తాతను కట్టేసి కూడు పెట్టేంత మదం ఎవురికుండె ముందర?"

ఆ సాయంత్రమే పెరియంపట్టి రేషన్ అంగడి వసారాలో ఇంటిపేరు మగవాళ్ళంతా చేరారు. తంగవేల్ డాక్టరు మాట చెప్పాడు. నిద్రపోయేవాడు పక్క మారతాడు, గురక పెడతాడు, ఇదెక్కడి నిద్ర అన్నాడొకడు. తవ్వి చూద్దామన్నాడు ఇంకొకడు. తవ్వితే నిజంగా చచ్చిపోతుందని డాక్టరు చెప్పిందన్నాడు తంగవేల్. దానికి అందరికంటే ముందు మునియప్పనే తల ఊపాడు. తవ్వి, చచ్చిందని తేలితే మైల ఖాయం. తవ్వకపోతే అనుమానం మాత్రమే. అనుమానంతో పెళ్ళి చేయవచ్చు, మైలతో చేయలేరు.

"నేను ఒగ మాట చెప్తా," అన్నాడు మునియప్పన్ గొంతు సవరించుకుని. "తంగవేలు మొదటి నించి మొత్తుకుంటానే ఉండాడు, అది తాత కాదని. మనం వినలేదు. ఫారెస్టాయన చదువుకున్నోడు. ఆయన కూడా అదే చెప్పినాడు. అర్జెంటీనా ఎక్కడ, మనమెక్కడ? రంగు కూడా వేరే."

అందరూ తంగవేల్ వైపు మెప్పుగా చూశారు. తన మాటకు ఇంత విలువ వస్తుందని అతను అనుకోలేదు.

"అయినా ఇన్ని దినాలు తాతా తాతా అన్నాము. పూజ చేసినాము. అందుకని పుల్ల విరిచేద్దాము. తెలిసేలోపలే తెంచుకుంటే, పోయినా ఆయన వేరే, మనం వేరే."

"తాత కాకపోతే పుల్ల ఎందుకు పెద్దనాయనా?"

"కాకపోతే విరిగేది పుల్ల ఒగటే. అయితే విరిగేది సమ్మందం. రెండు పక్కలా మనకు నష్టం లేదు."

ఉడుములోళ్ళలో మొగుడూ పెళ్ళామూ విడిపోయినా, అన్నదమ్ములు తెగిపోయినా పుల్ల విరవడమే ముగింపు. విరవాల్సింది కూడు పెట్టిన చెయ్యి. తంగవేల్ ఆలోచించాడు. మైల పడితే ఏడాది పాటు సదాశివం గేటు తొక్కకూడదు. ఏడాది కాదు, వారం తొక్కకపోయినా ఇంకొకడు వచ్చి ఆ స్విచ్ నొక్కుతాడు. పుల్ల విరిస్తే పోయేదేముంది? చీపురులో నుంచి ఒక పుల్ల లాగి ఇచ్చారు. దాన్ని తల చుట్టూ తిప్పి, "నీకూ మాకూ ఇంతటితో సరి," అని విరిచి, వెనక్కి చూడకుండా భుజం మీదుగా పారేశాడు.

అంతా లేచి మట్టి దులుపుకుంటుంటే సభకు అవతల మెట్ల కింద కూర్చున్న చిన్నతాయి అవ్వ వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఇంక నీ చేత్తో దానికి కూడు గాని నీళ్ళు గాని లేదు. మన చెయ్యి దానికి లేదు, దాని ఎంగిలి మనకు లేదు. తప్పినావంటే నీకూ విరుస్తారు పుల్ల."

తంగవేల్ పుల్ల పడిన వైపు తిరగబోయి ఆగాడు. "ముందరే చెప్పేది కద అవ్వా."

"ముందరే చెప్తే విరుస్తావా?"

"పొద్దన్నా మాపన్నా వాన పెట్టాల కద నేను?"

అవ్వ ఆ విషయం నిజాయితీగా ఆలోచించింది. "స్విచ్చి వత్తితే వచ్చే నీళ్ళు కరెంటువి. దానికేమీ లేదు," అంది.

పెళ్ళి బాగా జరిగింది. కణ్ణగి నవ్వడం చూశామని కూడా కొందరు చెప్పారు. తంగవేల్‌కు రెండో తాంబూలం ఇచ్చారు. అతను మాత్రం తింటున్నంతసేపూ, డాక్టరు చెప్పింది అబద్ధమైతే ఉద్యోగం పోతుంది, నిజమైతే ఎలా చేయాలి అని లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. తక్కిన జీవాలతో ఇబ్బంది లేదు. తాబేలు ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

తై తర్వాత వచ్చే మాసి నెల ఎండ ముదురుతుండగా మూలన మట్టి పగిలింది. ముందు ముక్కు, తర్వాత మట్టి అంటిన దవడలు బయటికి వచ్చాయి. టైగర్ కళ్ళు సగం తెరిచి, దీపం కింద బండ మీదికి ఈడ్చుకుంటూ పోయి పొద్దంతా పడుకుంది. మర్నాడు పళ్ళెం దగ్గరికి వచ్చి నాలుక ఆడించింది. తర్వాత తల ఎత్తి తంగవేల్ చేతి వైపు చూసింది. తంగవేల్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పొడుగు పట్టకారుతో ప్రయత్నించాడు. చేతి నుంచి తిని అలవాటైన టైగర్ గుడ్డును వదిలి ఇనుమును కొరికి, నోరు నొప్పి పుట్టి మూలకు పోయింది. ఆ ప్రయత్నానికైనా అనుమతి ఉందో లేదోనని అవ్వకు ఫోన్ చేయించి అడిగాడు. "పట్టకారు పట్టుకునింది ఎవురి చెయ్యి?" అని అవ్వ ఫోన్ పెట్టేసింది. గుడ్డు పళ్ళెంలో వదిలి పోదామా అంటే పళ్ళెంలో పెట్టేదీ ఆ చెయ్యే. ఎవరికీ తెలియకుండా పెడదామా అంటే గది నాలుగు మూలలా కెమెరాలు. వాటిలో బాగున్నదల్లా బాల ఏరి లోకానికి వదులుతాడు. వదిలింది వదిలినట్టే పెరియంపట్టి చూస్తుంది.

సదాశివం ఫోన్ చేశాడు. టైగర్ లేచిందని కెమెరాలో చూశానని, ఆదివారం బెంగళూరు నుంచి అతిథులు వస్తున్నారని, చేత్తో గుడ్డు తినిపించడం వాళ్ళకు చూపించాలని చెప్పాడు. "అది చూడటానికే వస్తున్నారు. ఏదైనా తేడా వస్తే చూడు," అన్నాడు.

తంగవేల్ ఇంటికి పోయి మాదమ్మకు అంతా చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని వేళ్ళకు అంటిన టమోటా మరకలు నిమ్మచెక్కతో రుద్దుకుంటోంది.

"నేను పెడతా," అంది.

"నువ్వూ ఉడుములోళ్ళ దానివే కద. పెండ్లయినాక."

"తాంబూలం ఇచ్చేటప్పుడు నన్ను పిలిచినారా మావా?"

"ఆడోళ్ళను పిలవరు కద."

"పుల్ల విరిచేటప్పుడు?"

"అప్పుడూ మగోళ్ళమే."

"అయితే విరిగింది మీ మగోళ్ళ చెయ్యి," అంది మాదమ్మ. "నా చెయ్యి నా దగ్గరే ఉండాది. కావాలంటే మీ పెద్దనాయనను వచ్చి అడగమను."

మునియప్పన్ అడగలేదు. కోడలి వరసైన ఆడమనిషి చెయ్యి ఎవరిదని సభలో తేల్చడానికి కూర్చుంటే, ఆ చర్చ తమ తమ ఇళ్ళదాకా వస్తుందని మగవాళ్ళందరికీ ఒకేసారి తోచింది.

ఆదివారం మాదమ్మ మణికంఠన్ పెళ్ళికి కట్టిన చీరలో సోగత్తూరు వచ్చింది. సాయానికి వచ్చిన తన పెళ్ళామని తంగవేల్ చెప్తే, అతిథుల ముందు సదాశివం అడ్డు చెప్పలేదు. అతిథులు చల్లటి తుంపరలో ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఆమె గుడ్డు పట్టుకుని మట్టిలో చతికిలబడి కూర్చుంది. టైగర్ నాలుక ఆడిస్తూ దగ్గరికి వచ్చింది. ఒక అతిథి భార్య వెనక్కి తగ్గింది. మాదమ్మ తగ్గలేదు. జీవితమంతా గొడ్లకు, కోళ్ళకు, రెండేళ్ళు మొగుడికీ తిండి పెట్టిన మనిషి.

"మెల్లిగా. మెల్లిగా మింగు. ఎవురు ఎత్తుకోని పోతారని అంత తొందర?" అంది.

టైగర్ గుడ్డు మింగి, ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి ఇంకోదాని కోసం చూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తంగవేల్ కూడా కొట్టాడు.

"నువ్వెందుకు పెట్టలేదు?" అని సదాశివం అతన్ని పక్కకు పిలిచి అడిగాడు.

తంగవేల్ చెప్పడానికి నోరు తెరిచాడు. తీర్థమలై బండతో మొదలుపెట్టాలా, చీపురుపుల్లతోనా అన్నది తేలలేదు. సదాశివం వాచీ చూసుకున్నాడు.

"నడుము నొప్పి సార్," అన్నాడు తంగవేల్. "వంగలేకపోయాను."

సదాశివం ముఖం మెత్తబడింది. చెడ్డవాడు కాదు. "ముందే చెప్పొద్దా? నడుముతో ఆటలేంటి? ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకో. ఈ అమ్మ చేస్తుందిలే ఇకనుంచి. టైగర్‌కు కూడా నచ్చినట్టుంది."

"వంగాల్సిన పని పెద్దగా లేదు సార్ ఇక్కడ..."

"వద్దు వద్దు. నా మనసు ఒప్పదు," అన్నాడు సదాశివం, ఒక మేలు చేసినవాడి తృప్తితో, అతిథుల వైపు నడుస్తూ.

ఉద్యోగం ఇంట్లోనే నిలిచిందని పెరియంపట్టిలో అందరూ సంతోషించారు. పని పోగొట్టుకున్నా పుల్ల మాట తప్పలేదని మునియప్పన్ సభలో తంగవేల్‌ను చూపించి కుర్రవాళ్ళకు బుద్ధి చెప్పాడు.

సోమవారం మాదమ్మ తొలి బస్సుకు బయలుదేరింది. తంగవేల్ గుమ్మం దాకా వెంట వచ్చాడు.

"గుడ్డు పెద్దమంటకు పెట్టొద్దు. పగిలితే తినదు."

"తెలుసు."

"ఇగువానాకు ఆకులు కాడలు తీసి ఎయ్యి."

"మావా, బస్సు వచ్చింది."

ఆ రోజంతా తంగవేల్ ఇల్లు ఊడ్చాడు, వంగకుండా ఊడ్చే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. సాయంత్రం వాన స్విచ్ నొక్కే వేళకు ఏమీ తోచక లేచి వాకిట్లో నిలబడ్డాడు. చీకటి పడబోతుండగా మాదమ్మ వచ్చింది. కాళ్ళ మీద ఎండిన మట్టి, కొంగుకు బొప్పాయి వాసన.

"తినిందా?"

"తినింది."

"మూలకు పోలేదు కద?"

"లేదు."

తంగవేల్ చెంబు నింపి ఆమెకు అందించాడు. "నా కోసరం ఏమైనా చూసిందా?"

మాదమ్మ చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ ఆలోచించింది. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"గుడ్డు కోసరం చూసింది," అంది.

తంగవేల్ తల ఊపి, ఆమెకు అన్నం పెట్టడానికి లోపలికి పోయాడు.